చందా కట్టకుండా ఉండే హక్కు

పోయినేడాది డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉండే మా చిన్నమ్మ కొడుకు ఫోన్ చేశాడు. పొద్దున పదింటికి మీటింగ్‌కి రమ్మన్నారట. పదీ ఇరవైకల్లా లాప్‌టాప్ లాక్ అయిపోయిందట. హెచ్1బి వీసా మీద ఉన్నవాడు, ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి అరవై రోజుల లెక్క మొదలైపోయింది. ఏం చెప్పి ఓదార్చాలా అని నేను వెతుక్కుంటుంటే వాడే అన్నాడు: "ఏం చేస్తమన్నా, టెక్సాస్ రైట్ టు వర్క్ స్టేట్ గదా. ఎప్పుడంటే అప్పుడు తీసేస్తరు."

ఈ మాట నేను పదేళ్లుగా వింటున్నాను. పాట్‌లక్‌లలో, గుడి దగ్గర పార్కింగ్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో. ఉద్యోగం పోయిన ప్రతివాడూ ఆ చట్టం మీదే వేస్తాడు. కానీ ఉద్యోగం తీసెయ్యడానికీ రైట్ టు వర్క్ చట్టానికీ సంబంధం లేదు. కారణం చెప్పకుండా తీసేయగలగడాన్ని ఇక్కడ 'ఎట్ విల్' అంటారు. ఒక్క మోంటానాలో తప్ప అమెరికా అంతటా పద్ధతి అదే. టెక్సాస్‌లో ఎంతో, నేనుండే మిషిగన్‌లోనూ అంతే. ఆ రోజు వాడికి ఇదంతా చెప్పలేదు. ఉద్యోగం పోయి కూర్చున్నవాడికి చట్టాల పేర్లు సరిదిద్దడం మర్యాద కాదు. ఇప్పుడు వాడికి వేరే ఉద్యోగం దొరికింది కాబట్టి రాస్తున్నాను.

అసలు ఆ పేరే మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది. 'పని హక్కు' అనగానే తెలుగువాడికి గుర్తొచ్చేది ఉపాధి హామీ. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పథకం మొదలైంది. దాని కింద అడిగిన కుటుంబానికి ఏడాదిలో 100 రోజులు పని చూపాల్సి ఉండేది, చూపకపోతే భృతి ఇవ్వాల్సి ఉండేది. మన రాజ్యాంగం 41వ అధికరణంలో ఉన్న పని హక్కు కూడా ఆ అర్థంలోదే. అమెరికాలో 26 రాష్ట్రాల్లో ఉన్న రైట్ టు వర్క్ చట్టం ఎవరికీ ఒక్క రోజు పని చూపదు. పోయే ఉద్యోగాన్ని ఆపదు. అది ఇచ్చే హక్కు ఒక్కటే. యూనియన్ కుదిర్చిన ఒప్పందం కింద పనిచేస్తూ, ఆ జీతం, ఆ సెలవులు, ఆ రక్షణ అన్నీ తీసుకుంటూ, యూనియన్‌కు ఒక్క డాలరు కూడా కట్టకుండా ఉండే హక్కు.

"అయితే ఏమైంది, ఇష్టం లేనివాడు ఎందుకు కట్టాలి?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. ఈ చట్టం ఒక్కదాన్నే చూస్తే అందులో తప్పేమీ కనపడదు. దాని పక్కన ఇంకో చట్టం ఉంది. రెండూ కలిపి చూడాలి.

1935 నాటి వాగ్నర్ చట్టం ప్రకారం ఒక పనిచోట ఎక్కువమంది ఓటేసి ఒక యూనియన్‌ను ఎన్నుకుంటే, అక్కడున్న అందరి తరఫునా అదొక్కటే మాట్లాడుతుంది. ఓటేసినవాడికీ అదే, వెయ్యనివాడికీ అదే. మరి అందరి తరఫునా మాట్లాడే అధికారం ఉన్న సంఘం కొందరి నోట మట్టి కొడితే? అదీ జరిగింది. అలబామాలో లూయివిల్ అండ్ నాష్‌విల్ రైల్వేలో ఫైర్‌మన్ల సంఘం నల్లవాళ్లను సభ్యులుగా చేర్చుకునేది కాదు. పైగా వాళ్ల ఉద్యోగాలు తెల్లవాళ్లకు పోయేలా కంపెనీతో ఒప్పందం చేసుకుంది. స్టీల్ అనే నల్లజాతి ఫైర్‌మన్ కోర్టుకెక్కాడు. 1944 డిసెంబరులో సుప్రీంకోర్టు అతని వైపు నిలిచింది: అందరి తరఫునా మాట్లాడే సంఘం సభ్యులైనా కాకపోయినా అందరికీ న్యాయంగా ప్రాతినిధ్యం వహించి తీరాలి. ఎంతో మంచి తీర్పు. ఆ బాధ్యత తర్వాత దేశంలోని యూనియన్లన్నిటికీ వర్తించింది.

అదే 1944లో, ఆ తీర్పుకు నెల ముందు, ఆర్కాన్సా, ఫ్లోరిడా రాష్ట్రాల ఓటర్లు రైట్ టు వర్క్‌ను ఆమోదించారు. 1947లో అధ్యక్షుడు ట్రూమన్ వీటోను కాదని అమెరికా కాంగ్రెస్ టాఫ్ట్ హార్ట్‌లీ చట్టం తెచ్చింది. దానిలోని 14(బి) సెక్షన్ రైట్ టు వర్క్ చట్టం చేసుకునేందుకు ప్రతి రాష్ట్రానికీ తలుపు తెరిచింది. అప్పటి నుంచి యూనియన్ మెడకు రెండు తాళ్లు. అందరి పనీ చెయ్యాలని ఒక చట్టం, ఎవరినీ ఖర్చు అడగకూడదని ఇంకో చట్టం.

మా అమ్మమ్మోళ్ల ఊళ్లో చెరువుకు నీరటి ఉండేవాడు. తూము తీసేది ఆయనే, ఏ మడికి ఎంత నీళ్లు పోవాలో చూసేది ఆయనే, రాత్రిపూట గండి పడితే ముందు పరుగెత్తేదీ ఆయనే. పంట నూర్చాక కల్లంలోనే ఆయన వాటా గింజలు కొలిచి పోసేవారు. ఊరి రైతు ఒకడు ఒక ఏడు గింజలు పొయ్యనన్నాడనుకోండి. అతని మడికి నీళ్లు ఆపడం నీరటి వల్ల కాదు, ఎందుకంటే అతని మడి దాటితేనే కింది మడికి నీళ్లు. ఎగ్గొట్టినవాడి పంటా పండుతుంది. ఊళ్లో అయితే నలుగురూ మొహమ్మీద అడుగుతారు, ఆ సిగ్గుకైనా పోస్తాడు. కానీ పోయనక్కర్లేదని పైనుంచి ఒక శాసనం వచ్చిందనుకోండి. మొదటి ఏడు ఇద్దరు ఆపుతారు. వాళ్లను చూసి తర్వాతి ఏడు పదిమంది. నీరటి కొన్నాళ్లు ఓపిక పట్టి బిడ్డ దగ్గరికి పట్నం పోతాడు. ఆ తర్వాత గండి పడిన రాత్రి ఎవరూ ఉండరు. నీరటిని తీసెయ్యాలని ఊళ్లో ఎవరూ తీర్మానం చెయ్యలేదు, అయినా ఆయన లేడు.

2012 డిసెంబరు 11న నేను లాన్సింగ్‌లో ఉన్నాను. మిషిగన్ రాజధాని అది. ఒక కార్యాలయంలో కాంట్రాక్టరుగా పని. పొద్దుటి నుంచే డప్పులు, విజిళ్లు వినపడుతున్నాయి. మధ్యాహ్నం కాఫీ కోసమని వెళ్తే వీధి నిండా ఎర్ర చొక్కాలు. చలికి కోటు వేసుకుని, చొక్కా కనపడాలని దాన్ని కోటు పైన తొడుక్కున్నవాళ్లు. చట్టసభ భవనం చుట్టూ వేలమంది. లోపల రైట్ టు వర్క్ బిల్లు మీద ఆ రోజే ఓటింగ్ ముగిసింది, ఆ సాయంత్రమే గవర్నర్ రిక్ స్నైడర్ సంతకం పెట్టారు. అంతకుముందు రెండేళ్లూ అది తన ఎజెండాలో లేదని చెబుతూ వచ్చిన మనిషే. బిల్లు డిసెంబరు 6న సభలోకి వచ్చింది. కమిటీ విచారణ లేదు, జనం మాట వినే సభ లేదు, అయిదు రోజుల్లో చట్టం. పైగా అందులో పది లక్షల డాలర్ల కేటాయింపు ఒకటి చేర్చారు. మిషిగన్‌లో డబ్బు కేటాయింపు ఉన్న చట్టాన్ని రెఫరెండానికి పెట్టడం కుదరదు. జనం దాన్ని ఓటుతో రద్దు చేయకుండా ముందే వేసిన గడియ అది.

ఇంకో మాట చాలామందికి గుర్తు లేదు. పోలీసులకూ ఫైర్ సిబ్బందికీ ఆ చట్టం నుంచి మినహాయింపు ఇచ్చారు. చందా నిర్బంధం కార్మికుడి స్వేచ్ఛను చంపేస్తుందని నిజంగా నమ్మితే, ఆ స్వేచ్ఛను పోలీసుకు ఎందుకు ఇవ్వలేదు? ప్రమాదమైన పని చేసేవాళ్లలో ఐకమత్యం చెడకూడదని చెప్పారు. చందా ఆగితే ఐకమత్యం చెడుతుందని చట్టం చేసినవాళ్లకు తెలుసన్నమాట. ఫ్లింట్‌లో 1936 డిసెంబరు 30 నుంచి 44 రోజులు ఫ్యాక్టరీ లోపలే కూర్చుని జనరల్ మోటార్స్ చేత యూనియన్‌ను గుర్తింపజేసిన నేల ఇది. అక్కడే ఈ చట్టం వచ్చిందంటే ఇక ఎక్కడైనా వస్తుందని అర్థమైపోయింది. 2015లో విస్కాన్సిన్, 2016లో వెస్ట్ వర్జీనియా, 2017లో కెంటకీ. వచ్చాయి.

నాకు ఈ విషయం కళ్లకు కట్టింది మాత్రం ఆ ఊరేగింపులో కాదు, ఆ తర్వాత రెండేళ్లకు, నా పక్క క్యూబికల్‌లో. ఆఫీసు పేరు అక్కర్లేదు. అక్కడ ఒకామె పర్మనెంటు ఉద్యోగి, వాళ్ల యూనియన్ స్టీవార్డ్, అంటే తోటి ఉద్యోగుల తరఫున యాజమాన్యంతో మాట్లాడే మనిషి. నాకంటే ఇరవయ్యేళ్లు పెద్ద. బల్ల మీద ఎప్పుడూ ఒక నీలం ఫైలు, దాని అంచుకు రంగురంగుల చీటీలు. వాళ్ల సెక్షన్‌లో ఒకతను కొత్త ఒప్పందం రాగానే చందా ఆపేశాడు. కొన్నాళ్లకు సెలవుల లెక్కలో తేడా వచ్చిందని అతనికే సస్పెన్షన్ నోటీసు వచ్చింది. ఆమె రెండు శనివారాలు ఆఫీసుకొచ్చి అతని సెలవు చీటీలన్నీ ముందేసుకుని, తేదీల వారీగా పేర్చి, జిరాక్సులు తీసి కట్ట కట్టింది. విచారణలో అతని పక్కన కూర్చుంది. సస్పెన్షన్ రద్దయింది.

బ్రేక్‌రూమ్‌లో కాఫీ పోసుకుంటుంటే ఉండబట్టలేక అడిగాను, అతను చందా కట్టడు కదా అని. "చెయ్యకపోతే చట్టం ఒప్పుకోదు" అంది ముందు. కాసేపాగి, "ఆ సెలవు రూలును అతని మీద అలా వాడనిస్తే రేపు అందరి మీదా వాడతారు" అంది.

అతను చెడ్డవాడు కాదు. మరుసటి రోజు ఆమెకు డోనట్ల డబ్బా తెచ్చిచ్చాడు, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇద్దరు చిన్నపిల్లలు, వాళ్ల డేకేర్ ఖర్చు ఇంటి అద్దెకంటే ఎక్కువని నాతోనే అన్నాడు. చందా మాత్రం మళ్లీ మొదలుపెట్టలేదు. నేనిక్కడ చెప్పదలచుకున్నది ఇదే. ఈ చట్టానికి యూనియన్ అంటే ద్వేషం ఉన్నవాళ్లు అక్కర్లేదు. నెలాఖరుకు చేతిలో ఆడని మామూలు మనుషులు చాలు. మంచివాడి ఇబ్బందిని పట్టుకుని, అతన్ని కాపాడే గోడలోంచే ఒక ఇటుక లాగించడం దీని పని.

రెండు వాదాలు మాత్రం తేలిగ్గా కొట్టిపారేయలేను.

ఒకటి మనస్సాక్షి. యూనియన్ నేను ఓటెయ్యని పార్టీకి డబ్బిస్తుంది, నా జీతం అందుకెందుకు వాడాలి? నిజమే. కానీ దానికి జవాబు రైట్ టు వర్క్‌కు ముందే దొరికింది. సభ్యత్వం లేకపోతే ఉద్యోగమే ఇవ్వని 'క్లోజ్డ్ షాప్' పద్ధతిని 1947లోనే నిషేధించారు. 1988లో బెక్ కేసులో సుప్రీంకోర్టు, సభ్యుడు కానివాడి దగ్గర ఒప్పందం కుదర్చడానికీ అమలు చేయించడానికీ అయ్యే ఖర్చు వరకే తీసుకోవాలని, రాజకీయాలకు వాడే భాగం అతను కాదంటే తీసుకోకూడదని తేల్చేసింది. అంటే ఈ చట్టం లేని రాష్ట్రంలో కూడా ఎవరినీ బలవంతంగా యూనియన్‌లో చేర్చలేరు. మిగిలిన తగవల్లా ఆ సేవకు అయిన ఖర్చు గురించే.

రెండోది అవినీతి. ఇది మిషిగన్‌లో ఉండేవాళ్లకు పచ్చిగాయం. ఆటో కార్మికుల సంఘం యూఏడబ్ల్యూ మాజీ అధ్యక్షులిద్దరు, డెన్నిస్ విలియమ్స్, గ్యారీ జోన్స్, సభ్యుల చందా సొమ్ముతో పామ్ స్ప్రింగ్స్‌లో విల్లాలు, గోల్ఫు, సిగార్లు అనుభవించి నేరం ఒప్పుకున్నారు. 2021లో ఒకరికి 21 నెలలు, ఇంకొకరికి 28 నెలలు జైలు పడింది. లైన్ మీద భుజాలు అరిగేలా పనిచేసిన మనిషికి నెలకు రెండు రెండున్నర గంటల జీతం చందాగా పోతుంది. ఆ డబ్బు అలా తగలేస్తే కడుపు మండదా? "అందుకే ఆపేశాను" అన్నవాడిని నేను తప్పుపట్టలేను.

అయితే ఆ కుళ్లును కడిగింది చందా ఆపినవాళ్లు కాదు, ఉండి కొట్లాడినవాళ్లు. అదే 2021 చివర్లో సభ్యులు ఓటేసి, నాయకత్వాన్ని ప్రతినిధులు కాకుండా ప్రతి సభ్యుడూ నేరుగా ఎన్నుకునే పద్ధతి తెచ్చుకున్నారు. ఆ పద్ధతిలో జరిగిన ఎన్నికలోనే షాన్ ఫెయిన్ అధ్యక్షుడిగా గెలిచాడు. 2023 సెప్టెంబరు 15న జనరల్ మోటార్స్, ఫోర్డ్, స్టెలాంటిస్ మూడు కంపెనీల మీదా ఒకేసారి సమ్మె మొదలైంది, ఆరు వారాల తర్వాత 25 శాతం వేతన పెంపు ఉన్న ఒప్పందాలు వచ్చాయి. బయటికెళ్లినవాడికి ఆ ఓటు లేదు. సంఘం పాడైతే దాన్ని బాగుచేసే చెయ్యి లోపల ఉండాలి.

మా బాపు సింగరేణి బొగ్గు గనుల్లో ముప్ఫై రెండేళ్లు బాయి పని చేశాడు. మూడేళ్ల కింద విజిటర్ వీసా మీద వచ్చి ఆర్నెల్లున్నాడు. సాయంత్రం వాకింగ్‌లో ఆయనకిదంతా చెప్పాను. ఆయన ముందు ఒప్పుకోలేదు. "మా దగ్గర ఎవ్వన్నీ జబర్దస్తీ జెయ్యలే. బుద్ధిపుడితే చందా ఇచ్చిన్రు, లేకుంటే లేదు. సంఘం నడ్వలేదా?" అన్నాడు.

నిజంగా ఆలోచించాల్సిన మాటే. చందా నిర్బంధం లేకుండానే భారతదేశంలో నూరేళ్లుగా సంఘాలున్నాయి. కానీ మన పద్ధతి వేరు. 1926 ట్రేడ్ యూనియన్ చట్టం ప్రకారం ఏడుగురు కలిస్తే సంఘం రిజిస్టరయ్యేది. గోదావరిఖనిలో నా చిన్నప్పుడు ఒక్కో బాయి మీద ఎన్ని జెండాలో. ఎవరి సంఘం వాళ్ల మనుషుల పని చూసేది. ఒక సంఘం పని ఎక్కమంటే ఇంకో సంఘం దిగమనేది. 1998లో రహస్య ఓటుతో గుర్తింపు సంఘం ఎన్నికలు పెట్టాకే యాజమాన్యంతో మాట్లాడేది ఎవరో తేలింది. అమెరికాలో మొదటి నుంచీ ఒకే పనిచోట ఒకే సంఘం, అందరికీ అదే. అందుకే అందరి మీదా ఖర్చు. ఆ రెండింటికీ ముడి. 2020లో మన పార్లమెంటు ఆమోదించిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా 51 శాతం కార్మికులున్న సంఘాన్నే ఏకైక చర్చల సంఘంగా గుర్తించమంటుంది. అంటే ఈ ప్రశ్న రేపు మన ఇంటికీ వస్తుంది.

అమెరికాలో అయితే, మన బాయి మీద సంఘం పని చూసే పిట్ సెక్రటరీ లాంటివాడు అందరి పనీ చెయ్యాల్సిందేనని, చెయ్యకపోతే కోర్టుకు లాగొచ్చని బాపుకు చెప్పాను. బాపు నడక ఆపాడు. "చందా ఇయ్యనోని కేసు గూడ ఆయననే జూడాల్నా?"

"చూడాలె బాపూ."

"చూడకుంటె ఆయన మీదనే కేసా?"

"అవ్."

ఆ తర్వాత ఇంటిదాకా ఆ సంగతి మాట్లాడలేదు. తలుపు తీస్తుంటే మాత్రం అన్నాడు: "గట్లైతే సంఘం పని ఎవడు పట్టుకుంటడ్రా?"

ఈ చట్టం పుట్టుక కూడా చెప్పాలి. తొలినాళ్లలో దీన్ని ఊరూరా మోసినవాడు టెక్సాస్‌కు చెందిన వాన్స్ మ్యూస్ అనే లాబీయిస్టు. యూనియన్లు వస్తే తెల్లవాళ్లు నల్లవాళ్లతో ఒకే సంఘంలో కూర్చోవాల్సి వస్తుందని భయపెట్టి ప్రచారం చేసినవాడు. ఈ రోజు ఈ చట్టాన్ని సమర్థించే వాళ్లందరికీ ఆ మనసుందని నేననను. కానీ 1961లో మార్టిన్ లూథర్ కింగ్ 'రైట్ టు వర్క్'ను దొంగ నినాదమని, దాంతో మోసపోవద్దని హెచ్చరించడానికి వెనకున్న చరిత్ర ఇది.

దీనివల్ల ఎంత నష్టం జరిగిందో ఒక్క అంకెలో తేల్చడం కష్టం. ఈ చట్టం లేని చోట కూడా యూనియన్లు కరిగాయి. ఫ్యాక్టరీలు దక్షిణానికీ మెక్సికోకూ వెళ్లాయి. 1950ల్లో ప్రతి ముగ్గురిలో ఒకరు యూనియన్‌లో ఉన్న దేశంలో ఇప్పుడు పదిమందిలో ఒకరు. 2011 తర్వాత చట్టం తెచ్చిన ఐదు రాష్ట్రాలను ఆర్థికవేత్తలు పరిశీలించి, ఐదేళ్లలో సభ్యత్వం సుమారు 4 శాతం పాయింట్లు, వేతనాలు సుమారు 1 శాతం తగ్గాయని లెక్కగట్టారు. మిషిగన్‌లో 2012లో 16.6 శాతం ఉన్న సభ్యత్వం 2022కి 14కు దిగింది. ఒక శాతం జీతం చిన్నదిగా కనిపించొచ్చు. కానీ అది యూనియన్‌లో ఉన్నవాళ్లదీ లేనివాళ్లదీ కలిపి చూసిన సగటు.

చట్టం వచ్చినా అంతా అయిపోయినట్టు కాదు. మిసోరీలో 2017లో చట్టం చేస్తే, కార్మికులు మూడు లక్షల పైచిలుకు సంతకాలు సేకరించి ఓటింగ్‌కు తెచ్చారు. 2018 ఆగస్టులో మూడింట రెండొంతుల మంది కాదన్నారు. టెనెసీలో 1947 నుంచీ ఈ చట్టముంది. అయినా చాటనూగాలోని ఫోక్స్‌వ్యాగన్ కార్మికులు 2014లో, 2019లో ఓడిపోయి, మూడోసారి 2024 ఏప్రిల్‌లో 73 శాతం ఓట్లతో యూనియన్ తెచ్చుకున్నారు. మరుసటి నెల అలబామాలోని మెర్సిడెస్ కార్మికులు ఓడిపోయారు.

మిషిగన్‌లో 2023 మార్చి 24న గవర్నర్ గ్రెచెన్ విట్మర్ రద్దు బిల్లుల మీద సంతకం చేశారు. 1965లో ఇండియానా తర్వాత రైట్ టు వర్క్‌ను చట్టసభ ద్వారా రద్దు చేసిన రాష్ట్రం ఇదే. ఆ బిల్లుల్లోనూ పది లక్షల డాలర్ల కేటాయింపు పెట్టారు, రెఫరెండం రాకుండా. నా పక్షం చేసినా అది తప్పే. 2012లో ఆ గడియ నాకు ఎంత నొప్పి కలిగించిందో మర్చిపోలేదు.

ఆ రద్దు 2024 ఫిబ్రవరి 13న అమల్లోకి వచ్చింది. ఆ పొద్దున లాన్సింగ్‌లోని ఆ స్టీవార్డ్‌కు అభినందనలు చెబుతూ మెసేజ్ పెట్టాను. మధ్యాహ్నం ఫోన్ చేసింది. వాళ్లది ప్రభుత్వ ఆఫీసు కాబట్టి వాళ్లకు అది వర్తించదట. 2018లో జేనస్ కేసులో సుప్రీంకోర్టు 5-4తో తీర్పిచ్చి, దేశమంతటా ప్రభుత్వ ఉద్యోగుల దగ్గర సభ్యులైతే తప్ప చందా తీసుకోకూడదంది. అదే కోర్టు 1977లో డెట్రాయిట్ టీచర్ల కేసులో ఇచ్చిన తీర్పును అలా తిరగరాసింది. ప్రైవేటు ఫ్యాక్టరీలకే ఈ మార్పు, ఆమె ఆఫీసులో రైట్ టు వర్క్ ఉన్నట్టే లెక్క. నేనేదో చెప్పబోతే, ఈ నెల ఇద్దరు కొత్తగా చేరారని చెప్పింది. ఫారాలు తనే పట్టుకుని బల్ల బల్లకూ తిరుగుతోందట. డోనట్లతను ఉన్నాడా అని అడిగాను. రెండో అంతస్తుకు మారాడంది. "రేపు పైకి వెళ్తున్నాను" అంది.